మారిషస్ పత్రికల భాష: పాఠకుడు, సంబోధితుడు

ప్రవేశిక

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున ఉన్న మారిషస్ ఆఫ్రికా దేశాల కోవకు చెందిన చిన్న ద్వీపరాజ్యం. 1968 మార్చి 12న స్వతంత్రమైన ఈ దేశపు రాజ్యాంగం ఏ భాషనూ రాజ్యానికంతటికీ అధికార భాషగా ప్రకటించలేదు. శాసనసభ భాష ఇంగ్లీషని, అయితే ఏ సభ్యుడైనా సభాపతిని ఉద్దేశించి ఫ్రెంచిలో మాట్లాడవచ్చునని 49వ విభాగం చెబుతుంది. ద్విభాషా రాజ్యంగా మారిషస్‌కున్న పేరుకు రాజ్యాంగంలో దొరికే ఆధారం దాదాపు ఇంతే. 2011 జనగణన మరొక చిత్రాన్ని చూపుతుంది. ఇంట్లో క్రియోల్ మాట్లాడేవారు 84 శాతం, భోజ్‌పురి మాట్లాడేవారు 5.3 శాతం, ఫ్రెంచి మాట్లాడేవారు 3.6 శాతం. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవారు ఒక్క శాతం కూడా లేరు. అయినప్పటికీ దేశంలోని ప్రధాన దినపత్రికలన్నీ ఫ్రెంచిలోనే వెలువడుతున్నాయి. చట్టం ఇంగ్లీషులో, వార్త ఫ్రెంచిలో, ఆ వార్తపై చర్చ క్రియోల్‌లో సాగే ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం ఒకటి ఉంది. 1810లో బ్రిటిషువారు దీవిని గెలుచుకున్నా ఫ్రెంచి స్థిరనివాసులు తమ సంస్కృతిని వదులుకోలేదనీ, ఫ్రెంచి పత్రికలు ఆ సాంస్కృతిక ప్రతిఘటనకు కోటగోడలనీ ఆ సమాధానం. ఇందులో నిజం లేకపోలేదు, కాని ఇది సగం నిజమే. ఫ్రెంచి తోటల యజమానులను ఎదిరించిన పత్రికలు సైతం ఫ్రెంచినే ఎందుకు ఎంచుకున్నాయో, గుజరాతీ చదవలేని కూలీల పక్షాన నిలిచిన పత్రిక గుజరాతీలో ఎందుకు మొదలైందో ఈ వాదం వివరించలేదు. పత్రికను కొని చదివే వ్యక్తి పాఠకుడు. పత్రిక ఎవరి చెవిన పడాలని రాస్తుందో ఆ వ్యక్తి లేదా ఆ వ్యవస్థను ఈ వ్యాసంలో సంబోధితుడు అని వ్యవహరించడం జరిగింది. ఈ ఇద్దరూ ఎల్లప్పుడూ ఒకరే కానక్కరలేదు. మారిషస్‌లో పత్రిక భాషను ఎక్కువ సందర్భాలలో నిర్ణయించింది పాఠకుని మాతృభాష కాదు, సంబోధితుని భాష అన్నది ఇక్కడి ప్రతిపాదన. ఆ దీవికి కోరంగి రేవు మీదుగా చేరిన తెలుగువారి అక్షరానికి పత్రికారంగంలో దక్కిన స్థానాన్ని, దక్కని స్థానాన్ని కూడా ఈ ప్రతిపాదన వెలుగులోనే అర్థం చేసుకోవలసి ఉంటుంది.

తొలి ముద్రణ, తొలి స్వేచ్ఛ

ఫ్రెంచి పాలనలో ఈల్ ద ఫ్రాన్స్ అనే పేరుతో ఉన్న ఈ దీవిలో 1760ల చివర రాజముద్రణాలయం నెలకొంది. 1773 జనవరిలో నికొలా లాంబెర్ అనే ముద్రాపకుడు తొలి పత్రికను వెలువరించాడు. దాని పొడవైన ఫ్రెంచి శీర్షికకు "ఈల్ ద ఫ్రాన్స్, బూర్బోన్ వలసల ప్రకటనలు, గోడపత్రాలు, వివిధ సూచనలు" అని అర్థం. ఆ శీర్షికే పత్రిక స్వభావాన్ని చెబుతుంది. అది అభిప్రాయాల పత్రిక కాదు, వర్తకుల పత్రిక. ఓడల రాకపోకలు, సరుకుల అమ్మకాలు, ఆస్తుల బదిలీలు అందులోని విషయాలు. మనుషులను ఆస్తిగా లెక్కించిన కాలంలో ఆస్తి ప్రకటన అనే మాటకు ఎంత విస్తృతి ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

1810 డిసెంబరులో దీవి బ్రిటిషువారి వశమైంది. నివాసుల మతం, చట్టాలు, ఆచారాలు యథాతథంగా ఉంటాయని లొంగుబాటు ఒప్పందం హామీ ఇచ్చింది. ఆ హామీలో భాష అనే మాట లేదు. ఆచారాలలో భాష కూడా ఇమిడి ఉందని స్థిరనివాసులు వాదించారు. లేదని ప్రభుత్వం కొంతకాలానికి గుర్తుచేసింది. ఒక శతాబ్దానికి పైగా సాగిన భాషావివాదానికి మూలం ఈ ఒక్క పదం లోపించడంలో ఉంది.

తొలి రెండు దశాబ్దాల బ్రిటిషు పాలనలో ముద్రణపై ముందస్తు పరిశీలన అమలులో ఉండేది. దానిని తొలగింపజేసిన ఘనత న్యాయవాది ఆద్రియన్ దెపినేకు దక్కింది. 1831లో ఆయన స్థిరనివాసుల ప్రతినిధిగా లండన్ వెళ్లి వలసల శాఖతో మాట్లాడి వచ్చాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 14న "లె సెర్నేయెన్" పత్రికను స్థాపించాడు. దీవికి ఉన్న పాత పేర్లలో ఒకటైన సెర్నే నుంచి ఆ పేరు వచ్చింది. మారిషస్ చరిత్రలో స్వేచ్ఛాపత్రికకు ఇది నాందిగా చెప్పబడుతుంది.

అయితే ఆ స్వేచ్ఛ ఎవరి స్వేచ్ఛ అన్నది విస్మరించరాని ప్రశ్న. దెపినే తోటల యజమానుల వాణి. లండన్‌లో ఆయన వాదించిన విషయాలలో బానిసల యజమానులకు రావలసిన నష్టపరిహారం కూడా ఒకటి. 1832లోనే బానిసత్వ వ్యతిరేకిగా పేరున్న జాన్ జెరెమీని బ్రిటిషు ప్రభుత్వం ఉన్నత న్యాయాధికారిగా పంపినప్పుడు పోర్ట్ లూయీ నగరం దుకాణాలు మూసి నిరసించింది. ఆయన దీవిని విడిచి వెళ్లవలసి వచ్చింది. కొత్తగా పుట్టిన పత్రిక ఆ ప్రతిఘటన పక్షానే నిలిచింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినప్పుడు యజమానులకు సుమారు 20 లక్షల పౌండ్ల పరిహారం లభించింది. విముక్తులకు ఏమీ లభించలేదు. మారిషస్ పత్రికాస్వేచ్ఛ బానిసల యజమానుల చేతుల మీదుగా వచ్చిందన్న వాస్తవాన్ని స్మారకోత్సవాల ప్రసంగాలు తరచూ దాటవేస్తాయి. పోర్ట్ లూయీలోని కంపెనీ ఉద్యానంలో ఉన్న దెపినే విగ్రహాన్ని చెక్కినవాడు ఆయన కుమారుడు ప్రాస్పర్. కుమారుని భక్తిని తప్పుపట్టలేం గాని, చరిత్రకారుడు ఆ విగ్రహాన్ని మరొక కోణం నుంచి కూడా చూడక తప్పదు.

భాషాపరంగా గమనించవలసింది ఏమంటే, ఈ దశలో పత్రిక పాఠకుడూ సంబోధితుడూ దాదాపు ఒకరే. తోటల యజమాని రాశాడు, తోటల యజమాని చదివాడు. గవర్నరు కార్యాలయంలో ఫ్రెంచి చదవగలిగిన అధికారులు ఉండేవారు గనుక ప్రభుత్వానికి చేరవలసిన మాట కూడా చేరింది. ఫ్రెంచి ఇంకా ఎంపిక కాదు, అలవాటు మాత్రమే.

అదే భాష, వేరొక గొంతు

అలవాటును ఎంపికగా మార్చినవాడు రెమీ ఒలియే. 1816లో జన్మించిన ఒలియే మిశ్రవర్ణుల కుటుంబానికి చెందినవాడు. చట్టరీత్యా స్వతంత్రులైనా, శ్వేతజాతీయుల దృష్టిలో సమానులు కానివారు ఈ మిశ్రవర్ణులు. 1843లో ఒలియే "లా సాంటినెల్ ద మోరిస్" పత్రికను స్థాపించాడు. సాంటినెల్ అంటే కావలివాడు. మిశ్రవర్ణులకు ఉద్యోగాలలో, పాలనలో సమాన అవకాశాలు కావాలని, నగరపాలనలో ఎన్నికలుండాలని ఆ పత్రిక కోరింది. 1845 జనవరిలో, 30 ఏళ్లయినా నిండకుండానే ఒలియే మరణించాడు. ఆ పత్రికతో ఆయనకున్న అనుబంధం రెండేళ్లకు మించలేదు.

ఒలియే పత్రికను పైన పేర్కొన్న సాంస్కృతిక ప్రతిఘటన వాదంతో వివరించడం సాధ్యం కాదు. ఆయన పోరాటం బ్రిటిషు ప్రభుత్వంతో అంతగా లేదు. ప్రభుత్వాన్ని ఆయన న్యాయం చేయగల శక్తిగానే చూశాడు. విక్టోరియా రాణికి విన్నవించుకోవడానికి వెనుకాడని ఈ మనిషి తన పత్రికను ఫ్రెంచిలో నడపడానికి కారణం, ఆయన సిగ్గుపడేలా చేయదలచినవారు ఫ్రెంచి చదివేవారు కావడమే. యజమాని ఇంటి భాషలోనే యజమానిని నిలదీసే పద్ధతి ఇది. లె సెర్నేయెన్ భాషలోనే లె సెర్నేయెన్‌కు జవాబు చెప్పాలి, అప్పుడే ఆ జవాబు వారి భోజనాల బల్ల వరకూ చేరుతుంది. ఫ్రెంచి ఇక్కడ ఒక వర్గపు ఆస్తిగా ఉండడం మానేసి వాదప్రతివాదాలకు రంగస్థలమైంది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా మారిషస్‌లో ఏ కొత్త వర్గం గొంతు విప్పినా ఈ రంగస్థలం మీదికి రాక తప్పలేదు.

1847 నుంచి ఉన్నత న్యాయస్థానాలలో ఇంగ్లీషు తప్పనిసరి అయింది. ఫ్రెంచిలో వాదించే న్యాయవాదులకు ఇది పెద్ద దెబ్బ. న్యాయస్థానం నుంచి తొలగించబడిన వాగ్ధాటి పత్రికలోకి మళ్లింది. ఫ్రెంచి వ్యాసరచన మారిషస్‌లో అంత ప్రౌఢంగా, అంత కలహప్రియంగా ఎదగడానికి ఈ మళ్లింపు కూడా ఒక కారణమని భావించవచ్చు.

కూలీ మాట, పరభాషలో

లా సాంటినెల్ పుట్టిన 1843లోనే గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మోసిన "కోరంగా ప్యాకెట్" అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్ చేరింది. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం "కోరంగీలు" అని పిలవడానికి ఆ రేవే కారణం. ఒప్పంద కూలీల వలస అప్పటికే మొదలైంది. 1834 నవంబరు 2న "అట్లాస్" ఓడలో 36 మంది కలకత్తా నుంచి దిగారు. 20వ శతాబ్దపు తొలినాళ్ల వరకూ మొత్తం సుమారు 4,50,000 మంది భారతీయులు ఆ దీవికి చేరారు. వారిలో సుమారు మూడో వంతు మద్రాసు రాజధాని నుంచి వెళ్లినవారు. 1871 నాటికి జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు భారతీయులే. అయినా ఆనాటి ప్రధాన పత్రికలలో వీరు వార్తావిషయం మాత్రమే: పంటకు కావలసిన చేతులుగా, అంటురోగాలకు వాహకులుగా, పారిపోయిన కూలీలుగా. చదివేవారుగా కాదు.

ఈ మౌనాన్ని మొదట ఛేదించింది పత్రిక కాదు, ఒక విజ్ఞాపన. 1867 నాటి కార్మిక శాసనం ఒప్పందం ముగిసిన "పాత వలసదారులు" కూడా ఛాయాచిత్రం అతికించిన గుర్తింపు పత్రాన్ని వెంట ఉంచుకోవాలని శాసించింది. అది చేతిలో లేకుండా రోడ్డుపై కనిపిస్తే నిర్బంధమే. పారిస్‌లో పుట్టి మారిషస్‌లో స్థిరపడిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ 1871లో వీరి పక్షాన ఒక విజ్ఞాపనను రూపొందించాడు. దానిపై 9,401 మంది సంతకాలు, గుర్తులు ఉన్నాయి. అది ఇంగ్లీషులో ఉంది, గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు సమర్పించబడింది. సంతకందారులలో ఇంగ్లీషు చదవగలిగినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది మాత్రమే అయి ఉంటారు. పాఠకుడు, సంబోధితుడు పూర్తిగా విడిపోయిన సందర్భమిది. తోటల యజమానుల వర్గం భగ్గుమంది. ద ప్లెవిట్జ్‌ను దీవి నుంచి వెళ్లగొట్టాలని గవర్నరును కోరింది; ఒక తోటల యజమాని పోర్ట్ లూయీ వీధిలో ఆయనపై చేయి చేసుకున్నాడు. అయితే విజ్ఞాపన వృథా కాలేదు. 1872లో రాచరిక విచారణ సంఘం వచ్చింది, 1875లో నివేదిక సమర్పించింది.

ఈ ఘట్టంతో దీవిలోని భాషల పని విభజన స్పష్టమైంది. స్థానిక శ్వేత సమాజంతో తగువుకు ఫ్రెంచి. ఆ సమాజాన్ని దాటి లండన్‌కు మొరపెట్టుకోవడానికి ఇంగ్లీషు. కూలీ మాట్లాడే భోజ్‌పురి, తెలుగు, తమిళ భాషలకు ఈ విభజనలో చోటు లేదు. వాటిలో రాస్తే ఏ అధికారీ వినడు.

మణిలాల్ డాక్టర్ నడిపిన "ది హిందుస్తానీ" ఈ విభజనకు వచ్చిన తొలి గట్టి సవాలు. గాంధీజీ 1901లో దక్షిణాఫ్రికా నుంచి తిరిగివస్తూ, ఓడ ఆగడంతో మారిషస్‌లో సుమారు మూడు వారాలు గడిపారు. అక్కడి భారతీయుల స్థితిని గమనించిన ఆయన ప్రోత్సాహంతో న్యాయవాది మణిలాల్ 1907లో పోర్ట్ లూయీ చేరాడు. 1909 మార్చి 15న పత్రిక వెలువడింది. వ్యక్తుల స్వేచ్ఛ, మనుషుల సౌభ్రాతృత్వం, జాతుల సమానత్వం అనే మూడు ఆదర్శాలను అది నినాదంగా స్వీకరించింది. ఫ్రెంచి విప్లవపు మూడు మాటలను ఇంగ్లీషులో, భారతీయుల పత్రికపై చూసిన తోటల యజమానికి అందులోని ఎత్తిపొడుపు అర్థం కాకపోదు.

పత్రిక మొదట ఇంగ్లీషు, గుజరాతీ భాషలలో వచ్చింది. చెరకుతోటల్లో గుజరాతీ చదివే కూలీలు లేరు. గుజరాతీ పోర్ట్ లూయీ వర్తకుల భాష. పత్రికకు కావలసిన ఆర్థికబలం వారి వద్ద ఉంది. ఇంగ్లీషు పుటలు ప్రభుత్వం కోసం. అదే ఏడు ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ అధ్యక్షతన వచ్చిన విచారణ సంఘం ఎదుట మణిలాల్ స్వయంగా వాంగ్మూలమిచ్చాడు. కొంతకాలానికే ఆయన గుజరాతీని తొలగించి హిందీని ప్రవేశపెట్టాడు. ఈ మార్పు చిన్నదిగా కనిపించవచ్చు గాని, మారిషస్ పత్రికల చరిత్రలో అసలైన మలుపు ఇదే. అంతవరకు కూలీని గురించి ఇతరులతో మాట్లాడిన పత్రిక ఇప్పుడు కూలీతోనే మాట్లాడసాగింది. మొరపెట్టుకోవడం నుంచి సమీకరించడం వైపు వేసిన అడుగు అది. ఈ వ్యాస ప్రతిపాదనకు ఇది అపవాదంగా కనిపిస్తుంది. నిజానికి సంబోధితుడు మారినందువల్లనే భాష మారింది. మణిలాల్ ఆ తర్వాత ఫిజీకి వెళ్లి అక్కడి కూలీల పక్షాన పనిచేశాడు. ఆయన తెరచిన దారిలో ఆర్యసమాజీయుల పత్రికలు, ఇతర హిందీ పత్రికలు మారిషస్‌లో వరుసగా పుట్టాయి. ఎక్కువ భాగం అల్పాయుష్కాలు.

అయితే హిందీ సైతం కూలీ ఇంటి భాష కాదు. బీహారు ప్రాంతాల నుంచి వచ్చినవారి ఇంటి భాష భోజ్‌పురి. తెలుగు, తమిళ కుటుంబాలకు హిందీ మరింత దూరం. "భారతీయ" అనే ఉమ్మడి సంబోధనకు హిందీ చిహ్నమైనప్పుడు ఆ సంబోధనలో తెలుగువారు సగం లోపల, సగం వెలుపల నిలిచారు.

వేలిముద్ర, సంతకం, ఓటు

తెలుగు అక్షరానికి మారిషస్ రాజకీయ చరిత్రలో ప్రత్యక్షంగా విలువ లభించిన సందర్భం ఒకటుంది. అది పత్రికలో కాదు, ఓటర్ల జాబితాలో. 1885 నాటి రాజ్యాంగం ప్రకారం ఓటు ఆస్తిపరులకే. 1947లో వచ్చిన కొత్త రాజ్యాంగం దీవిలో వాడుకలో ఉన్న ఏదో ఒక భాషలో సరళమైన వాక్యాలను చదివి రాయగల వయోజన స్త్రీపురుషులకు ఓటుహక్కు ఇచ్చింది. ఆ భాషల జాబితాలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్తానీ, ఉర్దూ, తమిళం, గుజరాతీ, చైనీ భాషలతో పాటు తెలుగు కూడా ఉంది. క్రియోల్ కూడా ఉంది, కాని "పత్వా" అనే చిన్నచూపు మాటతో. ఓటర్ల సంఖ్య సుమారు 12,000 నుంచి 71,000 పైకి పెరిగింది. బసదేవ్ విష్ణుదయాళ్ నాయకత్వంలోని జన ఆందోళన స్వచ్ఛంద కార్యకర్తలు ఊరూరా బైఠకలలో దీపాల వెలుగున పెద్దవారికి అక్షరాలు దిద్దించారు. 1948 ఎన్నికలలో గెలిచిన 19 మందిలో అధికసంఖ్యాకులు భారత సంతతివారు.

తెలుగులో నాలుగు ముక్కలు రాయగలగడం ఓటుకు చాలింది. పత్రికకు చాలలేదు. ఆ అక్షరాస్యత ఓటు పరీక్ష గట్టెక్కే స్థాయిది, దినపత్రికను పోషించే స్థాయిది కాదు. ప్రకటనలిచ్చే వర్తక కుటుంబాలు తెలుగువారిలో స్వల్పం. బడిలో చదువు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలలో. తెలుగు రామభజనలో, సింహాద్రి అప్పన్న పూజలో, అమ్మోరు పండుగలో బతికింది. అచ్చులో కంటే నాలుక మీద ఎక్కువగా బతికింది. ఆంధ్ర మహాసభ వంటి సంస్థలు బోధనను నిలబెట్టాయి, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దీవి ఆతిథ్యమిచ్చింది. తెలుగు దినపత్రిక మాత్రం అక్కడ స్థిరపడలేదు. దీనిని తెలుగువారి ఉదాసీనతగా వ్యాఖ్యానించడం సులభం, కాని సరికాదు. వార్తకు సంబోధితుడు తెలుగువాడు కాని చోట తెలుగు వార్తాపత్రికకు ఆస్కారం తక్కువ.

ఓటు విస్తరించిన దశాబ్దంలోనూ పత్రికల తగువు పాత రంగస్థలం మీదనే సాగింది. 1940లో వెలువడిన "అడ్వాన్స్" భారత సంతతి విద్యావంతుల రాజకీయ వాణి. అయినా దాని పుటలలో ఫ్రెంచికి పెద్దపీట. 1948లో హిందీలో "జనతా", విష్ణుదయాళ్ సోదరుల "జమానా" పుట్టాయి. 1954 ఆగస్టు 14న బిక్రంసింగ్ రామ్‌లాల్ స్థాపించిన "మారిషస్ టైమ్స్" ఇంగ్లీషు వారపత్రిక. దాని సంబోధితులు ఇద్దరు: బ్రిటన్‌లో చదివి వచ్చిన కొత్త తరం, రాజ్యాంగ సంస్కరణలను నిర్ణయించే లండన్ కార్యాలయం. ఎదుటి పక్షాన లె సెర్నేయెన్‌లో ఎన్.ఎం.యు. అనే పొడి అక్షరాలతో నొయెల్ మారియే దూనియెన్‌విల్ "హిందూ ప్రమాదం" గురించి పాఠకులను హెచ్చరిస్తూ ఉండేవాడు. ఈ తగువులో శివసాగర్ రామ్‌గులామ్ ఎంచుకున్న కలంపేరు "థంబ్ మార్క్ 2". నిరక్షరాస్యులంటూ ఎగతాళి చేయబడిన కూలీల వేలిముద్రనే కలంపేరుగా చేసుకున్న ఈ వ్యంగ్యం మీద వేరుగా ఒక వ్యాసం రాయవచ్చు.

స్వాతంత్ర్యానికి అనుకూలంగా ఒక ఫ్రెంచి దినపత్రిక లేకపోవడం లేబర్ పార్టీకి లోటుగా తోచింది. ఆ పార్టీ నాయకుడు గీ ఫోర్జే తదితరుల చొరవతో 1963 ఏప్రిల్‌లో "లెక్స్‌ప్రెస్" ఆవిర్భవించింది. ఫిలిప్ ఫోర్జే సంపాదకుడు. హిందీ పాఠకులు స్వాతంత్ర్యాన్ని అప్పటికే కోరుతున్నారు. ఒప్పించవలసినవారు ఫ్రెంచి చదివే మిశ్రవర్ణ మధ్యతరగతివారు. ఒలియే తర్కమే 120 ఏళ్ల తర్వాత మళ్లీ పనిచేసింది. 1967 ఎన్నికలలో స్వాతంత్ర్య పక్షానికి 56 శాతం, వ్యతిరేకులకు 44 శాతం ఓట్లు వచ్చాయి. ఆ 44 శాతం ఎంత మంది భయాలకు గుర్తో ఆనాటి పత్రికలను తిరగేస్తే తెలుస్తుంది.

పత్రికలోకి రాని భాష

అదే 1967లో, అదే లెక్స్‌ప్రెస్‌లో, ఎడిన్‌బరోలో భాషాశాస్త్రం చదివి వచ్చిన 25 ఏళ్ల యువకుడు క్రియోల్‌ను పునర్మూల్యాంకనం చేయాలని వాదించాడు. దేవ్ వీరాస్వామి. ఆంధ్ర మూలాలు గల కుటుంబంలో పుట్టిన ఈ రచయిత, పత్వా అంటూ తోసిపుచ్చబడిన భాషను దేశభాషగా గుర్తించాలని కోరాడు. ఆ వాదన పండితుల గోష్ఠికే పరిమితం కాలేదు. ఆయన 1970లో ఎం.ఎం.ఎం. పార్టీ తరఫున ఉపఎన్నికలో గెలిచాడు. 1971 చివర అత్యవసర పరిస్థితి వచ్చింది, పత్రికలపై పరిశీలన విధించబడింది, పార్టీ నాయకులతో పాటు ఆయనా జైలుకు వెళ్లాడు. జైలు అనుభవం నుంచి "లీ" అనే క్రియోల్ నాటకం వచ్చింది. దాని ప్రదర్శనకు అనుమతి దొరకలేదు. పత్రికలపై పరిశీలన 1976 వరకు కొనసాగింది.

తెలుగు వంశనామం గల వ్యక్తి తెలుగు కోసం కాక క్రియోల్ కోసం నిలబడడం కొందరికి వింతగా తోచవచ్చు. పూర్వికుల భాషలను ఒక్కొక్క వర్గపు గుర్తుగా ప్రభుత్వం ఆదరించే పద్ధతి వర్గాలను విడివిడిగా నిలుపుతుందని, అందరూ మాట్లాడే భాష ఒక్కటే వారిని కలుపుతుందని ఆయన అభిప్రాయం. ఈ అభిప్రాయంతో విభేదించే తెలుగువారు మారిషస్‌లో ఎందరో ఉన్నారు. వారి వాదనకూ బలం ఉంది. పూర్వికుల భాష అనే హోదా లేకుంటే బడిలో తెలుగు తరగతి ఉండదు.

క్రియోల్‌కు పత్రికలో దక్కినది గడిచిన అర్ధశతాబ్దంలో చాలా విచిత్రమైన స్థానం. శాసనసభలో ప్రశ్న ఇంగ్లీషులో వేయబడుతుంది, మధ్యలో ఫ్రెంచి దొర్లుతుంది. విలేకరి దానిని ఫ్రెంచిలో రాస్తాడు. అదే పుటలో ప్రభుత్వ ప్రకటన ఇంగ్లీషులోనే అచ్చవుతుంది. రాజకీయ సభలో నాయకుడు క్రియోల్‌లో చేసిన ప్రసంగం ఫ్రెంచిలోకి మారి వార్త అవుతుంది. అందులో చురక ఉన్న ఒక వాక్యం మాత్రం కొటేషన్ గుర్తుల నడుమ క్రియోల్‌లోనే మిగులుతుంది. వ్యంగ్యచిత్రాలలో పాత్రలు క్రియోల్ మాట్లాడతాయి. అంటే నవ్వు, కోపం, తిట్టు క్రియోల్‌లో, విశ్లేషణ ఫ్రెంచిలో. 2002లో ప్రైవేటు రేడియోలు వచ్చాక క్రియోల్ వార్తాచర్చకు విస్తారమైన చోటు దొరికింది, అచ్చు మీదుగా కాక గాలి మీదుగా. 2004లో ప్రామాణిక లిపివిన్యాసం సిద్ధమైంది, 2012 నుంచి బడిలో ఐచ్ఛిక విషయమైంది. దినపత్రికలు మాత్రం తమ భాషను మార్చుకోలేదు.

పత్రిక ఏ భాషలో ఉన్నా ప్రభుత్వానికి దానిపై అనుమానం తగ్గదని 1984 రుజువు చేసింది. పత్రికలు చెల్లించవలసిన హామీ మొత్తాన్ని 5,00,000 రూపాయలకు పెంచుతూ ప్రభుత్వం చట్టసవరణ తెచ్చింది. చిన్న పత్రికలకు అది ఉరితాడు. శాసనసభ ఎదుట బైఠాయించిన 44 మంది పాత్రికేయులు అరెస్టయ్యారు. తరువాత ఆ మొత్తాన్ని సగానికి తగ్గించారు. అప్పటికి రెండేళ్ల ముందే, 1982లో, నూటయాభై ఏళ్ల లె సెర్నేయెన్ మూతపడింది.

నేటి మారిషస్ పత్రికలలో ఏటా ఒక తెలుగు మాట తప్పక కనిపిస్తుంది. ప్రభుత్వ సెలవుదినమైన ఆ పండుగ ఫ్రెంచి వార్తలో, ఫ్రెంచి వర్ణక్రమంతో, "ఉ" కారానికి "ఓ, యు" అనే రెండు రోమన్ అక్షరాలను వాడి అచ్చవుతుంది. ఆ మాట ఉగాది.